పాచి

పర్లాకిమిడి పెద్దాసుపత్రి, వెనక గది.
కిటికీకి ఒక రెక్కే ఉంది.
నా బల్ల మీదికి ఈ పొద్దున
సీసాలో ఒక ఉక్కు కడ్డీ వచ్చింది,
పదమూడు నెలలు లింగరాజు మహారాణా
మోకాలి కింది ఎముకలో కాపురమున్నది.

కొమ్ముతో కొంగల్ని చెక్కే మనిషి.
కాశీనగరం దారిలో ఆటో బోల్తా పడి కాలు విరిగింది.
కడ్డీ వేశారు. కుట్లు మానాయి.
మూడో నెలకి చీము.

ఆ చీముని మొదట చూసింది నేనే.
ఊదారంగు అద్దిన గాజుపలక మీద
ద్రాక్షగుత్తి కనపడాలని పుస్తకంలో ఉంటుంది.
మా వైపు ద్రాక్ష ఎక్కడిది,
నాకు ఈతకాయల గెలే కనిపించింది.
పళ్ళెంలో మందుబిళ్ళల చుట్టూ
చంద్రుడికి గుడి కట్టినట్టు తేట వలయాలు,
పురుగు చచ్చినంత మేర.
"లొంగును" అని రాసి సంతకం పెట్టాను.

లొంగింది, పదిరోజులు.
మళ్ళీ చీము, మళ్ళీ పళ్ళెం, మళ్ళీ గుడి,
మళ్ళీ నా సంతకం.

"మందులు సరిగ్గా మింగట్లేదు నువ్వు"
అని డాక్టరు మూడుసార్లు కసిరారు.
నాలుగోసారి లింగరాజు
సంచిలోంచి ఒక దండ తీశాడు.
ఖాళీ మాత్రల రేకులు,
ఒక్కటీ పారేయకుండా దబ్బనంతో గుచ్చినవి.
"సబు ఖాయిచి, బాబు" అన్నాడు.
అన్నీ తిన్నాను.
డాక్టరు ఆ దండని ముట్టుకోలేదు.
ఫ్యాను గాలికి అది గలగలమంది.

సీసాలు కడిగే తొట్టి దగ్గర్నించి సూరీడమ్మ అంది:
"ఏటి బాబూ, మందు మందంతారు.
తొట్టికి పాచడితే నీలు పోత్తే పోద్దేటి?
పీచెట్టి గోకాల గానీ."

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
ఆ మాట ఏ రిపోర్టులోనూ రాయలేదు.

నీళ్ళలో ఒంటరిగా ఈదేదాన్ని పట్టుకొచ్చి
దానికి పరీక్ష పెట్టాను నేను.
ఉక్కు మీద కూర్చున్నది అది కాదు.
అక్కడ జిగురు కక్కుకుంది,
చచ్చిన తోటివాటి దారాలు కలిపి పేనుకుంది.
ఆ ఇంటికి శవాలే సున్నం.
మా మందు, ఒంటిగోడ కట్టుకుంటున్నదాన్నే చంపుతుంది.
తాపీ పక్కన పడేసి
లోపలి వసారాలో పడుకున్నదాన్ని ఏం చేస్తుంది?
మందు వెళ్ళిపోయాక అది లేస్తుంది.
ఆ ఇరుకులో ఏ ఒక్కదాని దగ్గరైనా
మందుని గెలిచే కిటుకుంటే
పక్కదానికి చేబదులిస్తుంది,
గిన్నెడు ఉప్పు ఇచ్చినంత తేలిగ్గా.

ఇవాళ కడ్డీని తొడుగుల చేతుల్లోకి తీసుకున్నాను.
మెరుస్తోంది. ఏమీ లేనట్టే ఉంది.
ఊదారంగు పోశాను. కడిగాను.
మళ్ళీ కడిగాను.
మహేంద్రతనయ రేవులో ఒక రాయి ఉండేది,
చూస్తే ఉత్త తడి,
తొక్కినవాడికి తెలిసేది.
రంగు పోలేదు.
మరచీల బెజ్జాల చుట్టూ
నేరేడుపళ్ళు తిన్న నాలుకలా.

రిపోర్టులో రెండు గడులే ఉంటాయి:
లొంగును, లొంగదు.
"పళ్ళెంలో లొంగును, ఇంట్లో లొంగదు"
అని అంచున పెన్సిలుతో రాశాను.
పైవాళ్ళు చెరుపుకోడానికి వీలని పెన్సిలు.
అది సగం నిజం.
మిగతా సగం, నాకు ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం వార్డుకెళ్ళాను.
ఎముక గోకి, గుంట కడిగి,
కాలికి బయట్నించి ఇనప చట్రం బిగించారు.
లింగరాజు నన్ను గుర్తుపట్టాడు.
నొప్పి సంగతి ఎత్తలేదు.

"ఆ కడ్డీ మంచి ఉక్కు బాబూ" అన్నాడు,
సగం ఒడియా, సగం తెలుగు.
"పారెయ్యకండి.
సాన పడితే నాకు రెండు ఉలులవుతాయి."